గొళ్ళెం పెట్టిన గదిలో బాపు మూలుగు

మా ముత్తాత నర్సింహారావు గారికి కోఠారి వైపు మూడు ఊళ్ళ మాల్‌గుజారీ ఉండేది. ఆ ఊళ్ళ శిస్తు ఆయన చేతుల మీదుగానే సర్కారుకు చేరేది. తాత రాజేశ్వరరావు గారు అడవి కాంట్రాక్టులు పట్టి, బల్లార్‌పూర్ నుంచి వ్యాగన్ల కొద్దీ టేకు దుంగలు పంపేవారు. ఇది గొప్పకు చెప్పడం లేదు. మాది గాలీ ధూళీ అని మాట్లాడుకునే ఇల్లు కాదని తెలియడానికి చెబుతున్నాను. నేను దయ్యాలను నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను.

నా కాలానికి మిగిలింది మరాఠీవాళ్ళ మధ్య బాబుపేట్‌లో పాత ఇల్లు, అందులో మేము బాపు అని పిలిచే మా నాన్న, ఆయన పట్టింపులు. మా ఇంటి మగవాళ్ళు పరాయివాళ్ళ ముందు మూలగకూడదన్నది అందులో ఒకటి. రంపం కింద బొటనవేలు పోయినప్పుడు తాత కూలీల ముందు నోరు విప్పలేదట.

తొంభైల మొదట్లో రోడ్ల మీద బొగ్గు లారీలు ఒక్కసారిగా పెరిగాయి. వాటిలో ఒకటి బాపు స్కూటర్‌ను గుద్దింది. తొడ ఎముకకు పెద్ద ఆపరేషన్ అయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన సెలైన్ మీదే ఉన్నారు. నోటికి ఏదీ సయించలేదు.

కాలు కుదురుకుంటోంది అనుకుంటుండగా జ్వరం పట్టుకుంది. కళ్ళు కాస్త పచ్చబడ్డాయి. పిత్తాశయంలో రాళ్ళేమోనని డాక్టరు సోనోగ్రఫీ చేయించాడు. ఊళ్ళోకి ఆ మిషన్ అప్పుడే వచ్చింది. రాళ్ళు లేవు. కడుపులో నొప్పి ఉందా అని అడిగితే బాపు లేదన్నారు. రాళ్ళూ లేక, నొప్పీ లేకపోయేసరికి డాక్టరు దృష్టి మళ్ళీ కాలి గాయం మీదికే పోయింది.

బాపు ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఆయన గది నుంచి మూలుగు వినిపిస్తోందని అమ్మ చెప్పింది. అలసట అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం బట్టల కోసం ఇంటికి వెళ్ళాను. కరెంటు లేదు. ఫ్యాను, రేడియో ఏదీ మోగడం లేదు. బాపు గదికి బయట గొళ్ళెం పెట్టి ఉంది. లోపల ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. ఆ ఊపిరి సగంలో తెగిపోతోంది, వెంటనే చిన్న మూలుగు. మళ్ళీ అదే.

గొళ్ళెం తీసి చూశాను. తాత చేయించిన టేకు మంచం, మడత పెట్టిన కంబళి. ఇంకేం లేదు. లోపల నిలబడితే చప్పుడు లేదు. బయటికొచ్చి తలుపు వేస్తే ఉంది. ఇంటి వెనకంతా తిరిగి చూశాను. గోడ అవతలి నుంచి పక్కింటి మరాఠీ ఆవిడ, సాహెబ్‌ను ఇంటికి తెచ్చారా అని అడిగింది. మూలుగు సంగతి ఆమెకు మేమెవరమూ చెప్పలేదు.

ఆస్పత్రికి వెళ్ళి, బాపు దగ్గర కూర్చున్న మేనమామను అడిగాను. పొద్దుటి నుంచి బావ చప్పుడు లేకుండా పడుకొనే ఉన్నాడన్నాడు.

డాక్టరు వచ్చినప్పుడు అమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. ఆమె బాపుకు ఎదురు చెప్పగా నేను విన్నది అదొక్కసారే.

"మీరు ఇంట్ల మూల్గుతున్నరు. గీడనన్న మూల్గుండ్రి."

బాపు నా వైపు చూసి, "మీ అమ్మకు నిద్రల్లేక చెవులు గుయ్యిమంటున్నయ్. ఇంటికి తీస్కపో" అన్నారు.

అమ్మ కదల్లేదు. వచ్చీరాని మరాఠీలో, ఆయన మాట నమ్మొద్దని డాక్టరుకు చెప్పింది. డాక్టరు కుడి పక్కటెముకల కింద వేళ్ళతో నొక్కి పట్టి, గట్టిగా ఊపిరి తీసుకొమ్మన్నాడు. బాపు ఊపిరి సగంలో తెగింది. నేను గది బయట విన్న మూలుగే ఆయన నోట వచ్చింది. అమ్మ తల తిప్పుకుంది.

పెద్ద గాయం తర్వాత చాలా రోజులు తిండి లేకపోతే పిత్తరసం కదలక, రాళ్ళు లేకుండానే పిత్తాశయం వాచిపోవచ్చని డాక్టరు చెప్పాడు. అరుదు కానీ వస్తుందన్నాడు. సాయంత్రమే కోశారు. అప్పటికే తిత్తి నల్లబడి చిల్లు పడింది. మర్నాడు బాపు పోయారు.

రోగం ఏమిటో డాక్టరు చెప్పాడు, అర్థమైంది. గదిలో విన్నది ఏమిటో ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. బాపు ఆస్పత్రిలో మూలిగిన తర్వాత ఆ గదిలో మళ్ళీ ఏ చప్పుడూ లేదు. అమ్మ చాలా రోజులు ఆ తలుపు దగ్గరే కూర్చునేది.

మరుసటి ఏడు ఆ ఇంటిని ఒక బొగ్గు లారీల కాంట్రాక్టరుకు అమ్మాం. మంచం అతను వద్దన్నాడు. దాన్ని బల్లార్‌పూర్‌లో విడిగా అమ్మాం.