ఎండ కాస్తుండగా కొట్టిన నైరుతి గోడ

2022. మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగిపోయిన ఏడాది. వేసవి. నంద్యాల ఎండ ఎలా ఉంటుందో తెలిసినవారికి చెప్పనక్కర్లేదు, తెలియనివారిని భయపెట్టడం నాకిష్టం లేదు. ఆ ఎండలో నేను పట్టణంలోని మురుగు మోరీల్లోకి దిగి నిలబడుతున్నాను.

నిలబడటమే నా వృత్తి. సర్వేయర్ల దగ్గర ప్రిజమ్ పోల్ పట్టుకుంటాను. అంటే చివర గాజుబిళ్ల బిగించిన నిలువు కడ్డీ. దూరంగా మూడు కాళ్ల మీద టోటల్ స్టేషన్ అనే యంత్రం ఉంటుంది. అది ఆ గాజును చూసి, నేను నిలబడిన చోటు ఎంత దూరమో, ఎంత ఎత్తో లెక్క తీస్తుంది. ఏడో తరగతితో బడి మానేశాను. అయితే అక్కడ బెంచీ ఎక్కించి నేర్పిన విద్య, కదలకుండా నిలబడటం, ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది.

మాది ఆళ్లగడ్డ. అప్పటిదాకా ప్లాట్లు, పంట కాలువలు, అన్నదమ్ముల గట్టు తగాదాలు కొలిచినవాణ్ణి. ఆ ఏడాది వచ్చిన పని వేరు. హైదరాబాదు నుంచి సౌజన్య మేడం అనే ఇంజినీరు వచ్చింది. కాకినాడ వైపు మనిషి. రాబోయే రోజుల్లో పెద్ద వాన పడితే నంద్యాలలో ఏ వీధి మునుగుతుందో ముందే కంప్యూటర్‌లో చూడాలట. ఆ లెక్కకు ఊరి ఎత్తుపల్లాలు కావాలి. నేను కావాల్సి వచ్చింది.

"మేడం, వాన వస్తాదని మా అమ్మకు మోకాళ్లు నొప్పి పుడితే తెలుస్తాది. మీ కంప్యూటర్‌కు మోకాళ్లు యాడుండాయి?" అని మొదటి రోజే అడిగాను.

నవ్వింది గానీ విడమరిచి చెప్పింది. గాలి, సముద్రం, ఎండ, నేల, వీటన్నిటినీ లెక్కలుగా మార్చి కంప్యూటర్‌లో నడిపిస్తే దాన్ని క్లైమేట్ మోడల్ అంటారు. భూమి మొత్తాన్ని గళ్లుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో లెక్క కడతారు.

"పెద్ద మోడల్స్‌లో నంద్యాల, ఆళ్లగడ్డ, అహోబిలం ఒకే గడిలో పడిపోతాయండి."

"అంటే నరసింహస్వామికీ నంద్యాల మోరీకీ ఒకే వానా? స్వామి ఒప్పుకుంటాడా మేడం?"

"ఒప్పుకోడు. అందుకే గడిని చిన్నది చేస్తూ పోతాం. దాన్నే డౌన్‌స్కేలింగ్ అంటాం. చివరికి ఒక్కో వీధి ఒక్కో గడి అయ్యేదాకా."

వీధి దాకా దిగాలంటే పైనుంచి ఫొటోలు తీసే డ్రోన్ చాలదు. మా నంద్యాలలో ప్రతి ఇంటి ముందూ మోరీ మీద బండలు పరిచి, దాని మీద మోటారు సైకిల్ నిలబెడతారు. డ్రోన్‌కు మోటారు సైకిల్ కనబడుతుంది గానీ మోరీ కనబడదు. కాబట్టి బండ ఎత్తించాలి, నేను దిగాలి. బండ ఎత్తమంటే ఇంటివాళ్లు చూసే చూపు ఉంటుందే, వాళ్ల వంటింట్లోకి దూరతానన్నట్టు! ఒకాయనైతే, "ఎత్తుతా గానీ, నువ్వు దిగినాక మళ్లీ మూసేస్తా, సరేనా?" అన్నాడు.

ఎండలు తగ్గేసరికి కొలతలు పూర్తయ్యాయి. ఒక సాయంత్రం మేడం తన గదికి పిలిచి తెర చూపించింది. నంద్యాల మొత్తం బూడిద రంగులో ఉంది. నేను నిలబడిన చోటల్లా ఒక చుక్క. "ఇప్పుడు వాన పోస్తున్నాను" అని ఒక మీట నొక్కింది.

నేను కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాను. నల్లమల వైపు నుంచి నీలం గీతలు బయల్దేరాయి. సందుల్లో చేరాయి, కలిశాయి, లావయ్యాయి, ఒక మలుపు దగ్గర తటపటాయించి కుందూ నది వైపు తిరిగాయి. ఇన్నేళ్లు ఆ ఊళ్లో తిరిగినవాణ్ణి, ఊరు చదునుగా ఉంటుందనుకున్నాను. అరచేతిలో గీతల్లాగా దానికి ఇన్ని పల్లాలున్నాయని అప్పుడే చూశాను. పడని వాన, నేను నిలబడిన చుక్కల మీదుగానే నడిచిపోతోంది.

అయితే మేడం ముఖం చిట్లించింది. ఊరి చివర, ఓబుల్ రెడ్డి గోడౌన్ ఆవరణలోకి ఒక లావాటి నీలం గీత గేటులోంచి వెళ్లి, వెనక గోడకు తగిలి, తొట్టిలో నీళ్లలాగా నిండుతోంది.

"ఇది తప్పు. అక్కడ ఏ కాలువా లేదు. నేను అక్కడి ముసలామెను అడిగాను కూడా. నీళ్లు ఆ వైపు పోతాయని చేత్తో చూపించింది. రోడ్డు వైపు."

లెక్క సవరించే ముందు ఇంకోసారి అడుగుదామని మరుసటి రోజు వెళ్లాం. గోడౌన్ గేటు ఎదురుగా ఆ ముసలామె, మరియమ్మ, బొరుగులు అమ్ముతుంది. మేడం మళ్లీ అదే అడిగింది: "అమ్మా, వానొస్తే నీళ్లు ఎటు పోతాయి?"

"ఎన్నితూర్లు చెప్పాల మే? ఆ వంకకే పోతాయి."

"చూశారా? ఆ వంకకే అంటోంది. ఆ వైపుకే" అంది మేడం నాతో.

నాకు నవ్వు ఆగలేదు. కాకినాడలో వంక అంటే వైపు. మా సీమలో వంక అంటే వాగు. మరియమ్మ చేయి చూపించింది రోడ్డు వైపు కాదు, రోడ్డు దాటి రెడ్డి గేటు వైపు. "వంకంటే నీళ్లు పారేది మేడం! ఈడ వాగుండేదని ఆయమ్మ చెప్తాంది."

"ఉండేది ఏంది, ఉంది" అంది మరియమ్మ. "రెడ్డి దాని మీద మట్టి తోలి గోడౌన్ కట్టినాడు. నా పెండ్లి అయిన కొత్తలో ఈడ గుడ్డలు ఉతుకుతాంటిమి."

మేడం ఆ రోడ్డు పక్క అరుగు మీదే కూర్చుండిపోయింది. తెలుగు ముక్క రాని కంప్యూటర్, మరియమ్మ పెళ్లినాటి నంద్యాలను చూడని కంప్యూటర్, పూడ్చిన వాగును ఎత్తుపల్లాల లెక్కతోనే వెతికి పట్టుకుంది. ఆ లెక్కలో కొన్ని చుక్కలు నావి. ఒళ్లు జలదరించింది. ఎండలో ఒళ్లు జలదరించడం నా అనుభవంలో అదే మొదలు.

ఓబుల్ రెడ్డికి చెప్పాం. ఆయనా మా ఆళ్లగడ్డ మనిషే. నల్లరేగడి రైతుల శనగ విత్తనం ఆ గోడౌన్‌లో దాస్తాడు. "కట్టడానికి వంక పెట్టేవాళ్లను చూసినా గానీ, నా గోడౌన్‌లోనే వంక పెట్టేవాళ్లను ఇప్పుడే చూస్తాండా" అని, మేడంకు మజ్జిగ ఇచ్చి సాగనంపాడు. ఆ తర్వాత ఆమె ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు.

వానాకాలం చివర్లో ఒక పొద్దున మేడం హైదరాబాదు నుంచి నాకు ఫోన్ చేసింది. వాతావరణ శాఖ సూచనను తన చిన్న గళ్లలో వేసి చూసిందట. సాయంత్రానికి నంద్యాల మీదా, దాని ఎగువన కొండ అంచు మీదా కుండపోత. "ఆ వెనక గోడ తీసేస్తే నీళ్లు ఆగకుండా ఖాళీ పొలంలోకి, అక్కడి నుంచి కుందూలోకి పోతాయి. మధ్యలో ఎవరి ఇల్లూ మునగదు, అదీ చూశాను. ఆయనకు మీరే చెప్పాలి."

ఆళ్లగడ్డలో రెడ్డి ఇంటికి పోయేసరికి ఉగ్గాని తింటున్నాడు.

"అన్నా, సాయంత్రానికి నంద్యాలలో పెద్ద వానంట. వెనక గోడ కొట్టాలంట."

"నైరుతి గోడా?" చేతిలో మిరపకాయ బజ్జీ ఆగిపోయింది. "రేయ్ నర్సిమ్మా, దాని బదులు నన్ను కొట్రా. వాస్తు చూపిచ్చి కట్టిచ్చిన గోడ అది. నైరుతిలో సందుంటే యజమాని మిగలడంట."

"యజమాని మిగిలి శనగలు పోతే?"

ఆయన లేచి, చేయి కడుక్కుని, నన్ను వీధిలోకి లాక్కొచ్చాడు. "పైకి చూడు. ఏం కనపడతాంది?"

"ఎండ."

"మబ్బుండాదా?"

"లేదన్నా."

"మరి ఆయమ్మ హైదరాబాదులో కూచోని నా నెత్తిన వాన పోస్తాందేంది?"

ఇక మాటలతో కాదని, మేడం పంపిన వీడియో ఫోన్‌లో పెట్టి చేతికిచ్చాను. మొదట గోడ ఉన్నట్టు: నీళ్లు ఆవరణ నిండి గోడౌన్‌లోకి. తర్వాత గోడ లేనట్టు: నీళ్లు పక్కనుంచి జారిపోయి పొలంలోకి. రెడ్డి ఎగతాళిగా చూడటం మొదలుపెట్టి, మధ్యలో నవ్వు ఆపేశాడు. వేలు పెట్టి వీడియో ఆపాడు.

"గేటు కాడ నీళ్లు చీలి రెండుగా పోతాండాయి. ఇవి నా లారీల చక్రాల గాళ్లు కదరా! ఇవెట్టా తెల్సు దానికి?"

"ఆ గాడిలో నేను నిలబడినా అన్నా."

వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "ఆ శనగ నాది కాదురా. నన్ను నమ్మి ఊరోళ్లు దాచుకున్నేది. వానలు ఆగుతానే విత్తుకోవాల. తడిస్తే మొలకొచ్చి కుళ్లిపోతాది. వాళ్ల మొగం ఎట్టా చూడాల?"

లారీల కోసం ఫోన్లు చేశాడు. అంత సరుకు సాయంత్రంలోగా ఎత్తడం హమాలీల వల్ల కాదన్నారు. ఫోన్ జేబులో పెట్టి, "బండి తీయ్" అన్నాడు.

నంద్యాలలోనూ ఎండే. జేసీబీ డ్రైవర్ కొత్త గోడనూ, ఆకాశాన్నీ, రెడ్డినీ వరసగా చూశాడు. "ఏమన్నా, పిచ్చి పట్టిందా?"

"పట్టింది. కొట్టు."

తొండం తగలగానే ఒక్కో బండా ఊడి పడుతుంటే, రెడ్డి ప్రతి దెబ్బకూ కళ్లు మూసుకున్నాడు. దారినపోయేవాళ్లు ఆగి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాన రాకపోతే నేను ఆళ్లగడ్డలో తలెత్తుకుని తిరగలేను. ఆయన తిరగనివ్వడు.

గోడ పడ్డాక కొండ వైపు ఆకాశం నల్లబడింది. చూస్తుండగానే ఎదుటి మనిషి కనపడనంత వాన. మేము గోడౌన్ మెట్ల మీద నిలబడ్డాం. రోడ్డు మీది నీళ్లు ఎర్రగా వచ్చాయి. గేటు దగ్గర చీలి, రెండు గాళ్లలోంచి పారి, గోడౌన్ మూల దగ్గర కలిశాయి. అవి ఎక్కడ తిరుగుతాయో నాకు ముందే తెలుసు. నీళ్లు చేరకముందే నా కళ్లు అక్కడికి చేరుతున్నాయి. రెడ్డి నా చేయి పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు ఆయనకు తెలియదు.

అయితే నీళ్లు సందులోంచి పోవాల్సినంత పోవడం లేదు. మెట్లు ఎక్కుతున్నాయి. మేడంకు ఫోన్ చేశాను.

"పడిన రాళ్లు తీశారా?"

"లేదు మేడం, గోడ మటుకే కొట్టినాం."

"నా లెక్కలో అక్కడ రాళ్లు లేవండీ! అవే ఇప్పుడు గోడ!"

కూల్చిన గోడ కుప్పగా పడి, గోడ పనే చేస్తోంది. జేసీబీ డ్రైవర్ మరియమ్మ అంగట్లో తల దాచుకుని బొరుగులు తింటున్నాడు. రెడ్డి పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దూకి, "రేయ్, బొరుగులు నేను కొనిస్తా గానీ రారా!" అని అరిచాడు. పెద్దవి జేసీబీ లాగింది, చిన్నవి మేమిద్దరం చేతుల్తో లాగాం. ఒక పెద్ద బండ కదలగానే, నీళ్లు గొంతు విడిచినట్టు శబ్దం చేసి సందులోకి దూరాయి. పై మెట్టు బయటపడింది. తర్వాత కింది మెట్టు.

వాన తగ్గాక రెడ్డి గోడౌన్ తలుపు తీశాడు. అన్నిటికంటే కిందున్న బస్తా కుట్టు విప్పి, ఒక శనగగింజ నోట్లో వేసుకుని కొరికాడు. పటుక్కున విరిగింది. తడిసిన గింజ అలా విరగదు. అక్కడే బస్తా మీద కూర్చుని, తడి పంచెతోనే ముఖం తుడుచుకున్నాడు.

"ఆయమ్మకు ఫోన్ చెయ్."

కలిపి ఇచ్చాను. ఏదో పెద్ద కృతజ్ఞత చెబుతాడనుకున్నాను. ఆయన ఒకే ముక్క అన్నాడు: "అమ్మా, మీ నీళ్లు వచ్చినాయి, పోయినాయి."

ఆ రోజు నాకేం నేర్పింది అంటే, మోడల్ దేవుడు కాదని. మనం చెప్పని రాయి దానికి తెలియదు. కానీ ఉన్నది ఉన్నట్టు దానికి చెబితే, మనం చూడలేని దూరానికి అది చూస్తుంది. ఇన్నాళ్లూ నేను నేలను కొలుస్తున్నాననుకున్నాను. ఇప్పుడు ఏదైనా వీధిలో పోల్ నిలబెట్టినప్పుడల్లా, ఇంకా సముద్రంలోనే ఉన్న నీళ్లు, ఇంకా మబ్బు కూడా కాని నీళ్లు, ఏదో ఒక రోజు ఇటే వస్తాయని గుర్తొస్తుంది. అవి వచ్చేలోపు ఆ చోటు సరిగ్గా చెప్పి పెట్టాలి. అందుకే, ఎవరెంత విసుక్కున్నా, బండ ఎత్తించకుండా కదలను.