ఒకే వరుస

పులివెందుల బస్టాండు వెనక సందులో బోర్డు లేని ఆ హోటలు గొప్ప ఏమిటని ఎవరైనా అడిగితే, నేను దాన్ని నడిపిన ఆమె గురించే చెబుతాను. పేరు తెలియదు, అందరం అమ్మా అనేవాళ్లం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఆ ఊళ్లో గుమాస్తాను. మధ్యాహ్నం ఆమె పెట్టే సంగటి, ఊరుబిండి పచ్చడే నా భోజనం. ఎవరొచ్చినా ఒకే చాప, ఒకే వరుస. మొదటి ముద్ద నోట్లో పడేదాకా ఆమె ఎదురుగా నిలబడి చూసేది.

ఒకరోజు తొండూరు వైపు పెద్దరైతు ఒకాయన మనుషులను వెంటబెట్టుకొని వచ్చాడు. బస్టాండులో చెప్పులు కుట్టే ముసలాయన వరుసలో కూర్చుని తింటున్నాడు.

“వాన్ని లేపు” అన్నాడు రైతు.

“తినేటోళ్లను నేను లేపను నాయనా. నీకూ ఆ పక్కనే ఆకేస్తా, కూసో” అందామె నెమ్మదిగా.

ఆయన విసురుగా వెళ్లిపోయాడు. ఆయన మాట విని చాలామంది రావడం మానేశారు. తనవల్లే ఇదంతా అనుకొని ముసలాయన కూడా రాలేదు.

కొన్నాళ్లు చూసి ఆమే బస్టాండుకు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

“ఏందప్పా, రాకుండా ఉండావు?”

“నావల్ల నీ బేరం పాయె గదమ్మా.”

“పోనీలే. సంగటి సల్లారిపోతాంది, రా.”

అందరూ చూస్తుండగా ముసలాయన లేచి ఆమె వెనక నడిచాడు. నేనూ వెళ్లాను. ఆ పూట చాప మీద మేమిద్దరమే. ఆమె మాకు వడ్డించి, తనకూ ఒక ఆకు వేసుకొని, ఆయన పక్కన కూర్చుంది.