నలభై ఎనిమిదో ఏట మా బాపు బాయిలర్ పరీక్ష

మా బాపు పేరు లక్ష్మీరాజం. చొప్పదండి దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఇరవై రెండేళ్లుగా బాయిలర్ నడుపుతున్నాడు. వడ్లు ఉడికించే ఆవిరంతా ఆయన చేతి కిందే తయారవుతుంది. ఇంట్లో మాత్రం పాలు కాచే పని కూడా ఆయనకు అప్పగించరు. పొంగేదాకా నిలబడి చూస్తాడు. పొంగాక, "నీళ్లల్ల మురికి ఉంటే బాయిలర్ల సుత గిట్లనే నురుగు లేస్తది" అని అవ్వకు, అంటే మా అమ్మకు, పాఠం చెబుతాడు.

నేను కాన్పుకు పుట్టింటికి వచ్చిన రోజుల్లోనే ఈ పరీక్ష సంగతి మొదలైంది. పాత బాయిలర్‌లో ప్రెషర్ పెంచమని ఎప్పుడూ బాపు వెంటపడే మిల్లు యజమాని రాంచందర్ సేటు, కరెంటు కూడా తయారు చేసే పెద్ద బాయిలర్ తెప్పిస్తున్నాడు. దానికి బాపు దగ్గరున్న అటెండెంట్ సర్టిఫికెట్ చాలదు. బాయిలర్ ఆపరేషన్ ఇంజినీరు పరీక్ష పాసవ్వాలి. ముందు రాతపరీక్ష, తర్వాత హైదరాబాదులో అధికారుల ముందు మౌఖికం. పాసైతే కొత్త బాయిలర్ బాపుదే. తప్పితే, బయటినుంచి వచ్చే ఎవరో ఇంజినీరు కింద బాయిలర్ పొయ్యిలో ఊక పోయించే మనిషిగా మిగులుతాడు.

డిప్లొమా పుస్తకాలు ఆయన మూసి పాతికేళ్లయింది. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను కాబట్టి పంతులమ్మ పని నాకు పడింది.

"మనుమడు పుట్టంగనే తాతకు బడి యాదికొచ్చింది," అనేది మా అవ్వ బాలలక్ష్మి.

బాపు మనవణ్ని ఒళ్లో పెట్టుకుని చదివేవాడు. సూపర్‌హీటర్ పాఠంలో రెండో వాక్యానికల్లా ఇద్దరిలో ఒకరు నిద్రపోయేవారు. ప్రతిసారీ అది మా బాబే అని చెప్పలేను.

ఆ రోజుల్లో నేను బాబు ఎన్నింటికి పాలు తాగాడు, ఎంతసేపు పడుకున్నాడు, జ్వరం లేకపోయినా ఒళ్లు ఎంత వేడిగా ఉంది, అన్నీ గంట గంటకూ ఒక నోట్‌బుక్‌లో రాసేదాన్ని. అవ్వ నవ్వేది. బాపు మాత్రం కళ్లజోడు పెట్టుకుని నాలుగు పేజీలు చదివి, "బాయిలర్ లాగ్ బుక్ గిట్లనే ఉండాలె" అన్నాడు. ఆ నోట్‌బుక్‌ను మెచ్చుకున్నది ఆయనొక్కడే.

బాపుకు పని వచ్చు, పేర్లు రావు. మిల్లులో సేఫ్టీ వాల్వును సీటీ అంటారు, ఫీడ్ పంపును నీళ్ల మోటరు అంటారు. అందుకని నేనే అధికారినై కుర్చీలో కూర్చున్నాను.

"లక్ష్మీరాజం గారూ, నీటిమట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు కనిపించకపోతే మీరేం చేస్తారు?"

"బిడ్డా, నువ్వు నన్ను మీరు అంటే నవ్వొస్తది, జవాబు వస్తలేదు."

"అక్కడ మీరు అనే అంటారు బాపూ."

"ఆల్లు అంటే వేరే. నిన్ను ఎత్తుకొని తిప్పిన నేను."

వంటింట్లోంచి అవ్వ అందుకుంది. "ఏమయ్యా, నీళ్లు లేకుంటే ఏం జేస్తవ్?"

"మంట బంద్ వెడత. నీళ్లు మాత్రం పొయ్య. కాలిన ఇనుము మీద నీళ్లు పడితే పేలుతది."

ఒక్క అక్షరం తడబడలేదు. అడిగే గొంతులో తేడా ఉందని నాకప్పుడు అర్థమైంది. అవ్వను అధికారుల పక్కన కూర్చోబెట్టే వీలు లేదు కదా. ఆమె తనకు చేతనైన పని చేసింది, వేములవాడ రాజన్న గుడిలో కోడెను కడతానని మొక్కుకుంది.

"రాత పరీక్షకా, మౌఖికానికా?" అన్నాడు బాపు.

"రెండింటికి కలిపి ఒక్క కోడెనే. ఎక్కువ ఆశ పడకు."

రాతపరీక్ష బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. మౌఖికానికి ముందురోజు మధ్యాహ్నం సేటుతో పేచీ వచ్చింది. హైదరాబాదు పోయే రోజు బాయిలర్‌ను కరుణాకర్‌కు అప్పగించమన్నాడు సేటు.

"పదేండ్ల సంది ఊక పోస్తుండు గదా."

"పోస్తుండు. సర్టిఫికెట్ లేదు. నేను లేకుంటే మంట లేదు సేటూ."

"నానిన వడ్లు వాసనొస్తయి."

"అయితే ఇయ్యాల నానవెట్టకు."

మంట ఆర్పి బాపు ఇంటికొచ్చాడు. వెనకాలే సేటు ఫోను. ఫెయిలైతే మళ్లీ మాట్లాడేది లేదని, కొత్తాయనను చూసుకుంటానని అరిచాడు. ఫోను దూరంగా పెట్టినా మాకందరికీ వినపడింది.

మరునాడు సాయంత్రం తిరిగొచ్చిన బాపు కాళ్లు కడుక్కుని, జరిగింది చెప్పాడు. సామర్థ్యం లెక్కకట్టే సూత్రం సగం మర్చిపోయాడట. సేఫ్టీ వాల్వును సీటీ అన్నాడట. చివరికి ముగ్గురు అధికారుల్లో పెద్దాయన, "మీరు ఇక్కడున్నారు. ఇప్పుడు మీ బాయిలర్ ఎవరి చేతుల్లో ఉంది?" అని అడిగాడట.

"ఎవరి చేతులల్ల లేదు సార్, నిన్ననే ఆర్పిన అని చెప్పిన."

"ఇంకా?" అన్నాను.

"మీ యజమాని ఒప్పుకున్నడా అన్నరు. ఒప్పుకోలే సార్, తిట్టిండు అన్న. ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. ఇగ పొమ్మన్నరు."

"తిట్టిండని ఎందుకు చెప్పినవు బాపూ?"

"అడిగిండ్రు గదా."

ఫలితం వచ్చేదాకా ఆరు వారాలు నేను ఆయన తప్పులు లెక్కపెడుతూనే ఉన్నాను. సూత్రం ఒకటి, సీటీ రెండు, సేటు తిట్టాడని చెప్పడం మూడు. బాపు మాత్రం రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని పాత బాయిలర్ దగ్గరికి పోయొచ్చేవాడు. అవ్వ, నేను నిద్ర లేక చిక్కిపోతే ఆయన రెండు కిలోలు పెరిగాడు.

పాసయ్యాడు.

సేటు మిఠాయి డబ్బాతో స్వయంగా ఇంటికొచ్చాడు. కొత్తాయన మాట ఎన్నడూ అననట్టే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"లక్ష్మీరాజం, ఇగ నువ్వు ఇంజినీరువు. కొత్త బాయిలర్ నీదే. రోజుకు ఇంకో తొట్టి వడ్లు ఉడకాలె. జర ప్రెషర్ పెంచుదాం."

బాపు మిఠాయి నమిలి, మింగి, తాపీగా అన్నాడు.

"మొన్నటిదాక నేను పెంచనంటే మొండోడు అన్నవు సేటూ. ఇప్పుడు ఇంజినీరు పెంచనంటుండు."