మా అమ్మ దాటని కనుమ

మా అమ్మ నోర్‌జోమ్ మీద ఇప్పటికి పదకొండు మంది విదేశీ విద్యార్థులు వ్యాసాలు రాశారు. అన్నిట్లోనూ ఒకటే కథ.

ఏటా చలికాలం ముందు స్తూపం చుట్టూ పెరిగిన బౌద్ధ అనే పేటలోని మా ఇంటికి ఒక పిల్లో పిల్లాడో వస్తారు. మూడు నెలలు మా పూజగదిలో పడుకుంటారు, టిబెటన్ నేర్చుకుంటారు, వెన్న టీ తాగలేక పూలకుండీలో పోస్తారు. చివర్లో ఇంటావిడ జీవితకథ రాసివ్వాలి. అదీ వాళ్ళ చదువు. అమ్మ చెబుతుంది, నేను ఇంగ్లీషులోకి మారుస్తాను. రెండో ఏటి నుంచీ ఆ పని నాదే. కాలేజీ మధ్యలో వదిలేశాను గానీ ఈ పని వదల్లేదు.

కథ ఇదీ. టిబెట్ నుంచి పారిపోతూ పంతొమ్మిది రాత్రులు మంచులో నడక. ఆకలికి చెప్పుల తోలు ఉడకబెట్టుకుని ఆ నీళ్ళు తాగడం. కనుమ పైకి చేరాక నాన్న కూలబడిపోయి, "నువ్వు నడుస్తూ ఉండు తల్లీ, బూటు తాడు కట్టుకుని వస్తా" అనడం. ఆయన రాలేదు. అక్కడికి వచ్చేసరికి రాసేవాళ్ళ కలం ఆగిపోయేది, అమ్మ రుమాలు అందించేది. కాలేజీ సీటు దరఖాస్తులో నేనూ ఆ తాత కథే రాశాను.

ఈ ఏడు డెన్మార్క్ నుంచి మారెన్ అనే పిల్ల వచ్చింది. పెద్దవాళ్ళ పేరు చివర గౌరవానికి 'లా' చేర్చడం అప్పటికే నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం మోమోలు చుడుతూ చెప్పింది.

"అమా-లా, ఈసారి వ్యాసాలు మాతో తీసుకుపోం. ఆఖరి రోజు హాల్లో అందరి ముందూ టిబెటన్‌లో చదవాలి. మమ్మల్ని ఉంచుకున్న ఇళ్ళవాళ్ళందరూ వస్తారు."

"అందరూనా?"

"అందరూ. వెనక వీధి సేకీ-లా కూడా."

అమ్మ చేతిలోని మోమో నలిగిపోయింది. సేకీ, అమ్మా ముప్ఫై ఏళ్ళ కిందట తివాచీల కార్ఖానాలో ఒకే మగ్గం ముందు కూర్చుని ముళ్ళు వేసినవాళ్ళు. మారెన్ మేడ మీదికి వెళ్ళగానే అమ్మ నా చొక్కా పట్టుకుంది.

"ఒరేయ్, సేకీ ఆ హాలుకి రాకుండా ఏదైనా చెయ్యరా."

"ఎందుకు?"

"ఆ కథలో నాన్న మా నాన్న కాదు. ఆవిడ నాన్న."

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "మరి మా తాత?"

"తాగి తాగి పోయాడు. నాకప్పుడు నాలుగేళ్ళు."

"నువ్వెలా వచ్చావు మరి?"

"లారీలో. డ్రైవరు పక్కన కూర్చుని. సరిహద్దు దాటడానికి పర్మిట్టుంది. దారంతా నిద్రపోయాను."

నవ్వొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. "అయితే ఇన్నేళ్ళూ నాచేత..."

"మొదటేడు వచ్చిన పిల్లకి లారీ అనే చెప్పాను. రాయడం ఆపి నా మొహంలోకి చూసింది, ఇంకా ఏదో ఉంటుందని. మగ్గం దగ్గర సేకీ ఒకసారి వాళ్ళ నాన్న సంగతి చెప్పుకుని ఏడ్చింది, అది నోటికొచ్చేసింది. తర్వాత మార్చాలంటే సిగ్గేసింది."

మర్నాడు పొద్దున్నే, గౌరవంగా మెడలో వేసే ఖతా, కిలో వెన్న పట్టుకుని అమ్మ సేకీ ఇంటికి బయల్దేరింది. నేనూ వెనకే వెళ్ళాను. సేకీ పూజ దగ్గర నీళ్ళ గిన్నెలు తుడుస్తోంది. అమ్మ తలొంచుకుని మొత్తం చెప్పేసింది. గుడ్డ పట్టుకున్న సేకీ చెయ్యి ఆగిపోయింది.

"ఎంతమందికి చెప్పావు?"

"పదకొండు మందికి."

"ఏడ్చారా?"

"ఏడ్చారు."

"నా పిల్లలకే నేను చెప్పుకోలేదు. నువ్వు మా నాన్నని ఊరూరా తిప్పావు. నీ నాన్నని చేసుకుని మరీ."

"తప్పయిపోయింది అక్కా. ఈ ఒక్కసారికి..."

"కుదరదు. నీకు నోరు లేదా? నీది చెప్పుకో. ముందు వరసలో కూర్చుని వింటా."

"నా కథలో ఏముంది అక్కా, లారీ తప్ప?"

"లారీయే చెప్పు."

సేకీ ఖతా అందుకోలేదు. ఆ తెల్లటి గుడ్డ అమ్మ చేతుల మీదే వేలాడింది.

ఆ మధ్యాహ్నమే అమ్మ మారెన్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"రాసుకో. లారీలో వచ్చాను, డ్రైవరు పక్కన నిద్రపోతూ. బార్లీ కోతలకి తిరిగొస్తానని మా అమ్మకి చెప్పి వచ్చాను. రెండు నెలల పర్మిట్టు. ఇక్కడ సినిమాహాళ్ళు, కరెంటు దీపాలు, మగ్గాల దగ్గర జోకులు, ఇదిగో, వీడి నాన్న. బాగుంది. పర్మిట్టు అయిపోవస్తోందని తెలుసు. నన్నెవరూ తరమలేదు. వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. నేనొచ్చిన తొమ్మిదో ఏట మా అమ్మ పోయిందని కబురొచ్చింది."

ఇంగ్లీషులో చెప్పేటప్పుడు 'వెళ్ళలేకపోయాను' అని మార్చేద్దామనిపించింది. మార్చలేదు. మారెన్ కలం ఆగలేదు. రాస్తూనే ఉంది. అమ్మకి రుమాలుతో పని పడలేదు.

ఆఖరి రోజు హాలు నిండిపోయింది. అన్నట్టే సేకీ ముందు వరసలో కూర్చుంది. మారెన్ తడబడుతూ చదువుతోంది. లారీ దగ్గరికి రాగానే వెనక నుంచి నోర్బూ అనే పెద్దమనిషి గొంతు వినబడింది.

"డ్రైవరు పక్కన కునుకు తీస్తూ రావడమూ ఒక కథేనా?"

నవ్వులు. అమ్మ చెవులు ఎర్రబడ్డాయి. సేకీ తల కూడా తిప్పలేదు.

"నువ్వెక్కిన బస్సు సంగతి నేను చెప్పనా నోర్బూ? కూర్చో."

ఈసారి నవ్వులు ఇంకా గట్టిగా వచ్చాయి. నోర్బూ కూర్చున్నాడు. మారెన్ మళ్ళీ మొదలుపెట్టింది. "నన్నెవరూ తరమలేదు" అన్నచోట నవ్వులు ఆగిపోయాయి. మాకు అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్ళు అమ్మవైపు చూడలేదు, ఒకరినొకరు చూసుకోలేదు. అమ్మ తన ఏప్రాన్ చారలు వేలితో నిమురుతూ కూర్చుంది.

అయిపోయాక అమ్మ వెళ్ళి సేకీ చెయ్యి పట్టుకుంది. సేకీ విదిలించుకుంది.

"కోపం పోలేదు. రేపు పొద్దున కోరాకి రా. మాట్లాడకు."

అమ్మ వెళ్ళింది. స్తూపం చుట్టూ మూడుసార్లు నోరు మెదపకుండా ప్రదక్షిణ చేశారట. నాలుగో చుట్టులో సేకీయే అడిగిందట:

"ఆ ఏడు మరి మీ అమ్మతో కలిసి కోత ఎవరు కోశారు?"

అమ్మ జపమాల అక్కడే ఆగిపోయిందట. అది తనకి తెలియదు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ కనుక్కోలేదు.