కోర్ బాక్సులో బెత్తెడు ఖాళీ

1994 ఎండాకాలం. ఉదయగిరి దగ్గర కొండవారన రాగి కోసం డ్రిల్లింగ్ క్యాంపు పెట్టారు. నేను చదివింది మూడో తరగతి. అంకెలు వచ్చునని నన్ను షెడ్డులో పనికి పెట్టుకున్నారు. యంత్రం లోతుకు దిగి, లోపలి రాయిని చెరుకుగడలాగా గుండ్రంగా కోసి పైకి తెస్తుంది. దాన్నే కోర్ అంటారు. ఆ ముక్కలను కడిగి, అరలున్న చెక్కపెట్టెలో ఎడమనుంచి కుడికి, పుస్తకంలో వాక్యాల్లాగా పేర్చాలి. ఎన్ని మీటర్ల లోతున వచ్చాయో చెక్కబిళ్ళ మీద రాసి పక్కన పెట్టాలి. ఆ వరుస తప్పితే రాగి ఎంత లోతున ఉందో చెప్పే దిక్కుండదు.

మా జియాలజిస్టు సుశీల మేడమ్ చిన్నపిల్ల. అది ఆమెకు మొదటి ఉద్యోగం. నన్ను అవ్వా అని పిలిచేది. కోర్‌లో పసుపు చుక్కలు మెరిస్తే, "ఇంకేంది, రాగి దొరికినట్టే గదా" అనేదాన్ని.

"రాయిలో రాగి ఉంటే చాలదవ్వా. తవ్విన ఖర్చు పోను మిగలాలి. అప్పుడే దాన్ని ఓర్ అంటాం."

"అంటే మీ చదువు కూడా నాలాగా పిసినారిదే!"

ఆ పిల్ల పగలబడి నవ్వింది.

పొదుపు నాకు పుట్టుకతో వచ్చింది. పెట్టెల అడుగులు పుచ్చిపోతే ఆఫీసువాళ్ళు కొత్తవి ఇస్తారు. నేను అడిగేదాన్ని కాదు. ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్ళ దగ్గర మిగిలిన చెక్కముక్కలు తెచ్చి, వంగిన మేకులు సాపుచేసి, నేనే అడుగులు కొట్టేదాన్ని. అదొక గొప్ప నాకు.

పెట్టెలు మోసే ఏలియా ఒక పొద్దున ఆయాసపడుతూ వచ్చాడు. భార్యను కాన్పుకు ఆత్మకూరు ఆస్పత్రిలో చేర్చారట. చేతిలోని పెట్టె షెడ్డులో దించి బస్సెక్కాలని ఆత్రం. గడప దాటుతుండగా పెట్టె అడుగు ఊడింది. కోరంతా నేలపాలైంది. ఏలియా కూలబడి, అందిన ముక్కలన్నీ లుంగీ మడతలోకి ఏరుకున్నాడు.

ఇన్‌చార్జి సారు పరుగున వచ్చాడు. "నాలుగు రోజుల డ్రిల్లింగ్ మట్టిపాలు చేసినావు గదరా! పో, ఇంక పనిలోకి రాబాక!"

ఏలియా వంగి ముక్కలు ఏరుతూనే ఉన్నాడు. ఊడిన చెక్క నా కాళ్ళ దగ్గర పడి ఉంది. గరిటె చెక్క. నేను కొట్టిన మేకులు.

"అతన్ని అనబాకండి సార్. ఆ అడుగు కొట్టింది నేను. కొత్తది అడక్కుండా మిగిలిద్దామని చూసినాను."

"అయితే నువ్వే పేర్చు. వరుస కుదరకపోతే ఇద్దరూ ఇంటికే!"

"నువ్వు ఆస్పత్రికి పో నాయనా," అన్నాను ఏలియాతో. "రాళ్ళు నేను చూసుకుంటా."

అతను లుంగీలోని ముక్కలు గోనెపట్టా మీద దులిపి బస్సుకు పరుగెత్తాడు.

నేనూ మేడమూ పట్టా మీద కూర్చున్నాం. విరిగిన ప్రతి కొసకూ ఒక జత ఉంటుంది. గరుకుకు గరుకు సరిపోవాలి, రాతిలోని చారలు ఒకే వాలున సాగాలి. ఒక్కో ముక్కనూ కడిగిన చేతులు గనుక, కొన్నింటిని నా వేళ్ళే గుర్తుపట్టాయి. పొద్దు వాలేసరికి అన్నీ కుదిరాయి, ఒక్క బెత్తెడు తప్ప. మట్టి జల్లించినా ఆ ముక్క దొరకలేదు.

షెడ్డు వెనక పారేసిన పాత కోర్ కుప్పలోంచి అదే లావు, అదే రంగు ముక్క ఒకటి తెచ్చాను. "ఇది పెడితే ఎవరికి తెలుస్తాది తల్లీ? ఏలియా పని నిలబడతాది."

మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. "లేనిదాన్ని లేదనే రాద్దాం అవ్వా. ఇదొక్కటి అబద్ధమైతే, పొద్దుటినుంచి మనం పేర్చినవన్నీ అబద్ధమే."

ఆ ఖాళీలో 'కోర్ లాస్' అని రాసిన చెక్కబిళ్ళ పెట్టింది. లెక్కకు దొరకని రాయి అని దాని అర్థం. ఇన్‌చార్జి సారు వరుసంతా వేలితో తడుముతూ వచ్చి, బిళ్ళ దగ్గర ఆగాడు. "ఏలియా రానీ, చూద్దాం," అని వెళ్ళిపోయాడు.

మూడోరోజు ఏలియా వచ్చాడు. "ఆడబిడ్డ, అవ్వా!" అంటూనే తువ్వాలు ముడి విప్పాడు. అందులో బెత్తెడు రాయి! "బస్సులో కూచుంటే నడుముకు ఒత్తుకున్నాది. లుంగీ మడతలో ఇరుక్కోనుండాది. బిడ్డ పక్కనే పెట్టుకోని కాపలా కాసినాను."

మేడమ్ బిళ్ళ తీసింది. నేను రాయి పెట్టాను. రెండు కొసలూ కరుచుకున్నాయి. ఇన్‌చార్జి సారు చూసి, "నిలబడినావేందిరా? పెట్టెలు మోయి," అన్నాడు.

ఆ కొండలో రాగి ఉంది గానీ ఓర్ కాలేదు. క్యాంపు ఎత్తేశారు. నేను ఇప్పటికీ వంగిన మేకు పారెయ్యను. కానీ మరొకరు మోసే బరువు కింద పాత చెక్క కొట్టను. దొరకనిదాని చోట ఇంకొకటి ఇరికించను. ఆ రోజు నా ముక్క పెట్టి ఉంటే, ఏలియా బిడ్డ పక్కన దాచి తెచ్చిన రాయికి పెట్టెలో చోటుండేది కాదు.