దర్జీ గీసిన తోట

పెరట్లో గులాబీతోట వేయాలనుకున్నప్పుడు ఆ దర్జీ ముందుగా గునపం పట్టలేదు, టేపు పట్టాడు. మెడలో ఎప్పుడూ వేలాడే ఆ టేపుతోనే గోడ నుంచి గోడకు కొలిచి, ఖాకీ కాగితం మీద మొక్కకొక సున్నా చుట్టాడు. ఎండ ఎటు పడుతుందో, మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం ఉండాలో అన్నీ అందులో రాసుకున్నాడు. నేలలోకి ఇనుప చువ్వ దించి, పాత నీళ్ళగొట్టం ఎటు పోతోందో కనిపెట్టి, దాన్నీ కాగితం మీద గీసి, దాని పొడవునా మొక్కలు లేకుండా నడిచే దారి వదిలాడు. రోజూ దుకాణం మూశాక మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు ఏరేవాడు. గుడ్డ నాణ్యం చూసినట్టు మట్టిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు.

పద్దెనిమిది మొక్కలూ నాటిన వారానికి నీళ్ళ శాఖ ఇంజనీరు కూలీలతో వచ్చి, "పాత గొట్టం మార్చాలండీ. ఎక్కడుందో తెలీదు, పెరడంతా తవ్వాల్సిందే" అన్నాడు. దర్జీ లోపలికి పరిగెత్తి కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. కూలీలు దారి వెంట తవ్వితే, గొట్టం గీసినచోటే దొరికింది. ఒక్క మొక్కా కదల్లేదు.

"ఇంత పక్కాగా గీసిన ఇంజనీరెవరండీ?" అన్నాడాయన.

దర్జీ గొంతు సవరించుకునేలోపే గుమ్మంలోంచి భార్య, "ఇంజనీరేంటండీ, మా ఆయనే!" అంది.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె గొంతులో అంత గర్వం అతను ఎన్నడూ వినలేదు. తలెత్తితే నవ్వు బయటపడిపోతుందని వంగి, గట్టిగానే ఉన్న మొక్క మొదలును మళ్ళీ గట్టిగా నొక్కుతూ కూర్చున్నాడు.