కుళాయి దాకా కయ్యం

ఎవరినో ఒకరిని తిట్టకుండా బోటు ఎత్తడం మా మావయ్యకు చేతకాదు. కొందరికి టీ పడితేగాని పొద్దు మొదలవదు. ఆయనకు కయ్యం పడితేగాని క్రేను కదలదు. రేవులో అందరూ ఆయన్ని కయ్యాల మావయ్య అనేవారు. నేను సొంత మేనల్లుణ్ణి, అదే రేవులో ఇంజన్లు బాగుచేసే మెకానిక్కుని. కాబట్టి ఆయన ఇవాళ తిట్టినవాళ్ళకు మర్నాడు క్షమాపణ చెప్పే ఉద్యోగం కూడా నాదే.

మా రేవులో పని, చిన్న మోటారు బోట్లను మరమ్మతుకు నీళ్ళలోంచి పైకి తీయడం. బోటు పొట్ట కింద ముందొకటి, వెనకొకటి వెడల్పాటి బెల్టులు వేసి, క్రేను హుక్కుకి తగిలిస్తారు. క్రేను మీటల పెట్టె పొడుగాటి వైరు చివర మావయ్య చేతిలో ఉంటుంది. బోటు గాల్లోకి లేచి, గట్టు మీదికి తిరిగి, ఇనప స్టాండు మీద కూర్చోవాలి. చెప్పుకోవడానికి ఇంతే. కూర్చునేదాకా మాత్రం కింద నిలబడ్డవాడి ఆయుష్షు ఆ రెండు బెల్టుల దయ.

ఒకసారి కొత్తగా బోటు కొన్న డాక్టరొకాయన, గాల్లో వేలాడుతున్న తన బోటు కిందికే వెళ్ళి ఫోన్లో ఫొటోలు తీసుకుంటున్నాడు.

“డాక్టరుగారూ, ఆ టోపీ మీరు కొన్నారా, పేషెంటెవడైనా మర్చిపోయాడా?” అన్నాడు మావయ్య.

“ఏమన్నావ్?”

“ఏం లేదండీ. ఆ టోపీ పెట్టుకుంటే డాక్టరులా లేరు, డాక్టరు కోసం బల్ల మీద కూచుని ఎదురుచూసేవాడిలా ఉన్నారు.”

డాక్టరు ఊగిపోతూ మీదికొచ్చాడు. మావయ్య వెనక్కి వెనక్కి నడుస్తూ, గోడ పక్కన కుళాయి దాకా పోయి ఆగాడు. అక్కడ నిలబడి టోపీని వదిలేసి బూట్లందుకున్నాడు.

ఆయన తిట్టే పద్ధతే వేరు. మగాడన్నవాడు ముందుకొచ్చి తిడతాడు, ఈయన వెనక్కి నడుస్తూ తిట్టేవాడు. తిట్టేటప్పుడు మొహంలోకి చూసే మర్యాద కూడా లేదు, ఎదుటివాళ్ళ భుజం మీదుగా ఎటో చూస్తుండేవాడు. బోటు స్టాండు మీద కూర్చోగానే ఈయన కోపం కూడా కూర్చునేది. “సరే లెండి, తప్పు నాదే” అనేసి బీడీ వెలిగించుకునేవాడు. ఎదుటివాడు మాత్రం పిడికిళ్ళు బిగించుకుని, అప్పుడే ఊపందుకున్న కోపంతో, కుళాయి పక్కన వెర్రిమొహం వేసుకుని మిగిలిపోయేవాడు.

“ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి,” అనేది మా అత్తయ్య. “కూరలో ఉప్పు లేకపోయినా అడగడు. అక్కడికెళ్ళేసరికి ఏ దయ్యం పూనుతుందో!”

ఆ దయ్యం ఎక్కువగా నాచక్క మీద పడేది. బోట్ల అడుగున పట్టిన నాచూ, నత్తగుల్లలూ గోకి కడగడం ఆవిడ పని. పేరెవరికీ గుర్తులేదు, నాచక్కే. పనిచేస్తూ సన్నగా పాడుకునేది. ఒకప్పుడు ఆవిడ బోటు స్టాండెక్కాకే తోమేది. తర్వాత కొత్త మేనేజరొచ్చాడు. స్టాండెక్కితే పొట్ట అందదనీ, టైము దండగనీ, బోటు గాల్లో వేలాడుతుండగానే కింద నిలబడి తోమేయాలనీ రూలు పెట్టాడు. పైనున్నవాళ్ళకు తట్టే పొదుపులన్నీ కిందున్నవాళ్ళ నెత్తి మీదే ఎందుకు జరగాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

“బెల్టులు పాతబడ్డాయండీ. కింద మనిషుంటే నేనెత్తను,” అన్నాడు మావయ్య ఆ రోజే.

“ఇంకా తెగలేదుగా,” అన్నాడు మేనేజరు. మావయ్యను ఇంటికి పంపేసి, తన బావమరిది చేతికి మీటల పెట్టె ఇచ్చాడు. ఆ బావమరిది ఫోన్లో కబుర్లాడుకుంటూ, నాచక్క తల మీద బోట్లను ఉయ్యాలలూపాడు. నెల తిరక్కుండా మావయ్య తనే వెళ్ళి, ఇక నోరెత్తనని ఒప్పుకుని పనిలో చేరాడు. నోరెత్తనన్న మాట మేనేజరు వరకే నిలబెట్టుకున్నాడు.

“నాచక్కా, నువ్వు గోకడమెందుకమ్మా? నీ పాట వింటే నత్తలు వాటంతటవే రాలి చస్తాయిగా!”

“నీ నోరు పడిపోను!”

“ఆ బకెట్టు పట్టుకోవడమేంటి, మీ పుట్టింట్లో అందరికీ చేతులు వంకరేనా?”

పుట్టింటి మాటొస్తే ఆవిడ బ్రష్షెత్తుకుని కుళాయి దాకా తరిమేది. ఈలోగా బోటు స్టాండు మీదికి దిగేది. తోమడం ఆలస్యమైందని మేనేజరు ఇద్దరినీ తిట్టేవాడు. ఇలా రోజూ జరిగేది. ఒకప్పుడు “అన్నా” అని పిలిచిన మనిషి క్రమంగా పాట మానేసింది, ఆయనతో మాటలూ మానేసింది. కూతురికి ఉద్యోగం వచ్చిందని రేవంతా మిఠాయి పంచి, మావయ్య దగ్గరికొచ్చేసరికి పళ్ళెం అటు తిప్పేసుకుంది.

“తీపి నాకు పడదులేరా,” అన్నాడు నాతో. పడదు నిజమే. పడనిది తీపి కాదు, ఆ పళ్ళెం అటు తిరగడం.

ఆ మర్నాడే ఆ డాక్టరుగారి బోటు మళ్ళీ వచ్చింది. అడుగు బిరడా సరిగా బిగించలేదేమో, లోపల నీళ్ళు నిండుగా ఉన్నాయి.

“ముందు నీళ్ళు తోడనివ్వండి, బరువెక్కువుంది,” అన్నాడు మావయ్య.

“గాల్లో కారుతాయిలే, ఎత్తు! నాచక్కా, పద పద!” అన్నాడు మేనేజరు.

బోటు గట్టు మీదికి తిరిగింది. నాచక్క బకెట్టుతో కిందికి దూరింది. మావయ్య ఆవిడ పాటను వెక్కిరించాడు, ఆవిడ పలకలేదు. బకెట్టును వెక్కిరించాడు, పలకలేదు. పుట్టింటిని మూడు తరాలు దాటి దులిపాడు. ఈ మనిషికి జవాబివ్వకూడదని ఒట్టు పెట్టుకుందట, తల కూడా తిప్పలేదు. వెనక బెల్టు అంచున పోగులు విచ్చుకోవడం ఇంజన్ షెడ్డులోంచి నాక్కూడా కనిపించింది. “అక్కా, బయటికి రా!” అని అరిచాను. బోటు నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడులో ఆవిడకు వినిపించలేదు, లేదా అది కూడా కయ్యంలో భాగమనుకుంది.

అప్పుడు మావయ్య, మొహం పాలిపోయి, గొంతు చించుకుని అరిచాడు:

“నీ కూతురికి ఉద్యోగం తెలివి చూసిచ్చారనుకున్నావా? నీ ఏడుపుమొహం చూసి జాలిపడి ఇచ్చుంటారు!”

బకెట్టు అక్కడే వదిలి, నాచక్క బ్రష్షుతో దూసుకొచ్చింది. మావయ్య ఈసారి నడవలేదు, పరిగెత్తాడు. కుళాయి దగ్గర ఆవిడ ఆయన నెత్తి మీద ఒక్కటిచ్చింది. రెండోదానికి బ్రష్షెత్తినప్పుడు వెనకాల బెల్టు తెగింది.

ఇనప బకెట్టు రేకుముక్కలా చదునైంది.

విచారణ జరిగింది. తప్పెవరిదో తేల్చారు: పనివేళల్లో ఆడమనిషిని అసభ్యంగా దూషించినందుకు మావయ్యకు వారం సస్పెన్షను. బెల్టు గురించి ఒక్క ముక్క లేదు. గేటు మీద మాత్రం ‘భద్రతే మా ఊపిరి’ అని కొత్త బోర్డు వెలిసింది.

నేను నాచక్కను తీసుకుని మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన బొప్పి కట్టిన తలతో లోపలి గదిలో దాక్కున్నాడు. అత్తయ్యే మాట్లాడింది.

“రోజూ రాత్రి నన్నడిగేవాడమ్మా. ‘ఏమేవ్, టోపీని అంటే మనిషి ఎంత దూరం వస్తాడు? పుట్టింటిని అంటే కుళాయి దాకా వస్తారా?’ అని. మొన్న ‘బిడ్డనంటే?’ అన్నాడు. ‘చంపేస్తారు’ అన్నాను. ‘చంపడానికైనా దగ్గరికి రావాలిగా’ అని అటు తిరిగి పడుకున్నాడు.”

మర్నాడు నాచక్క ఆ చదునైన బకెట్టు పట్టుకుని మేనేజరు గుమ్మంలో కూర్చుంది. పక్కన మేమందరం కూర్చున్నాం.

“దీని చోట ఎవరిని పెట్టాలనుకున్నారో చెప్పండి, లేస్తాను,” అంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ లేవలేదు, ఒక్క బోటూ లేవలేదు. కొత్త బెల్టులొచ్చాయి, పాత రూలు పోయింది. అదంతా తన ఆలోచనేనని మేనేజరు పైవాళ్ళకు చెప్పుకున్నాడు. చెప్పుకోనీ.

వారం తర్వాత మావయ్య మొదటి బోటు ఎత్తాడు. అందరం ముందే కుళాయి దగ్గర నిలబడ్డాం. తిట్టడానికి కింద ఎవరూ లేరు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. బోటు చప్పుడు చేయకుండా వచ్చి స్టాండు మీద కూర్చుంది.

“ఏం అన్నా, నోరు పడిపోయిందా? నా పాటనైనా ఒక మాట అను!” అంది నాచక్క.

మావయ్య తల గోక్కున్నాడు. “నిజం చెప్పాలంటే... పాట బాగానే ఉంటుందమ్మా.”

“బాగుంటుందా? అంటే ఇన్నేళ్ళూ నోటికొచ్చిన అబద్ధాలాడి నా చేత పాట మాన్పించావా!”

బ్రష్షు లేచింది. మావయ్య మళ్ళీ వెనక్కి వెనక్కి నడిచాడు. ఈసారి మాత్రం ఆవిడ మొహంలోకే చూస్తూ.